బోర్లించిన కప్పు

ఆ క్లబ్బులో ప్రతి సభ్యుడికీ పేరు రాసిన పింగాణీ కప్పుంది. నీలిపూలు, బంగారు అంచు. మనిషి పోతే దాన్ని బీరువాలో బోర్లిస్తారు; ఇక ఎవరూ ముట్టుకోరు.

నిన్న రాత్రి ముసలి డాక్టరుగారు, "ఇంకొక్క కప్పు టీ పోస్తావా, తమ్ముడూ? ఇంటికెళ్ళబుద్ధి కావట్లేదు," అన్నారు. "టైమైపోయిందండీ," అంటూ బేరరు లైటార్పేశాడు. తెల్లారేసరికి ఆయన పోయారు. కప్పు బోర్లించింది బేరరే.

ఈ రాత్రి తాళం వేస్తుంటే బీరువాలో టింగుమంది. చూస్తే ఆయన కప్పు వెల్లకిలా ఉంది. బేరరుకి ముచ్చెమటలు పోశాయి. అయినా పారిపోలేదు. ఒక్క కప్పు పోస్తే నా సొమ్మేం పోయేదని పొద్దుట్నుంచీ మనసు పీకుతూనే ఉంది. టీ కాచి, ఆ కప్పు నిండా పోశాడు.

"తాగండి, డాక్టరుగారూ."

ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"టైమైపోయింది, తమ్ముడూ," అంది నిదానంగా ఓ గొంతు.

లైటారిపోయింది.