ఎర్ర సుద్దలో ఇసాబో

"ఊపిరి బిగబట్టు తల్లీ," అంది ముసలి దాసి పెరెట్, రవికె వెనక తాళ్ళు ఇంకాస్త లాగుతూ.

"బిగబట్టడానికి ఊపిరంటూ ఆడితే కదా!" అంది ఆ పిల్ల.

గౌను ఒక్కో చేతికి పన్నెండు గుండుసూదులు. కదిలితే గుచ్చుకుంటాయి. మెడను పట్టేసినట్టు ముత్యాల పట్టీ, నెత్తిన నల్ల మఖ్మల్ టోపీ. తల తిప్పాలన్నా నడుం దాకా తిరగాల్సిందే.

"విప్పెయ్యవా పెరెట్? మా అమ్మ దగ్గరికి పోతాను."

"అమ్మ ఇక్కడే ఉందిగా," అంటూ వెర్నే దొరసాని లోపలికి వచ్చింది. ఆమె వెనకే చిత్రకారుడు ఒడినె, చంకలో అట్ట, చేతిలో ఎర్ర సుద్ద.

బొమ్మ ఎల్లుండి కొండల అవతలికి వెళ్తుంది. అక్కడి ముసలి ప్రభువుకి నచ్చితే పై నెలలో పెళ్ళి.

గీస్తూ గీస్తూ ఒడినె ఆగాడు. "మీ ఏడేళ్ళప్పుడు గీశానమ్మా మిమ్మల్ని. క్షణం కుదురుగా కూర్చునేవారు కాదు. ఒకటే నవ్వు!"

"పదేళ్ళయింది. ఇంకా ఆ నవ్వులెక్కడుంటాయి?" అంది దొరసాని.

"చెవి కూడా వేరుగా కనిపిస్తోందే!"

"పెరెట్, టోపీ కిందికి లాగు. ఇప్పుడు దర్బారులో చెవులు కనబడేలా ఎవరు పెట్టుకుంటున్నారు?"

టోపీ చెవుల్ని కప్పేసింది. గదిలో మాటలు ఆ పిల్లకి దూరమయ్యాయి.

ఒడినె బొమ్మలో గౌను మీద రంగుల గుర్తులు రాసుకున్నాడు. ఇక్కడ ముదురు ఎరుపు, అంచున జరీ. దొరసాని కిటికీ దగ్గరికి నడవగానే ముందుకి వంగి అడిగాడు.

"అమ్మాయిగారూ, ఈ పెళ్ళి మీకిష్టమేనా?"

ఆ పిల్ల పెదవులు కదిలాయి. భుజం మీద పెరెట్ చెయ్యి బరువుగా పడింది.

దొరసాని వెనక్కి తిరగలేదు. "ఈ సంబంధం తప్పిపోతే కోట మా చేతుల్లో ఉండదు, ఒడినె. ఇందులో పనిచేసే ముప్పై ఇళ్ళవాళ్ళూ మంచులో రోడ్డున పడతారు. ఎవరెవరో దానికి బాగా తెలుసు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని జారనివ్వలేదు ఆ పిల్ల.

"ఇష్టమే," అంది.

ఒడినె నిట్టూర్చి, కాగితం పైఅంచున సుద్ద ఆనించాడు. "పేరు రాయాలి. ఇసాబో అనే కదా?"

కిటికీ చట్రం పట్టుకున్న దొరసాని వేళ్ళు తెల్లబడ్డాయి. అంతసేపూ రాయిలా ఉన్న ఆమె పెదవి ఆ పేరు వినగానే వణికింది. ఆ పిల్ల ఆమెను చూసింది, మూసి ఉన్న తలుపును చూసింది.

"అవును," అంది. "ఇసాబో."

ఇసాబోను పూడ్చిపెట్టి అప్పటికి పదకొండు రోజులు.