ప్యాకెట్టు ముందువైపు

"ఇది తింటే తోకేమైనా మొలుస్తుందా అమ్మా?"

టైలరు చిప్సు ప్యాకెట్టును వెలుగులోకి పట్టుకుని అడిగాడు.

"మొలిస్తే కత్తిరించుకోవడానికి కత్తెర నీ దగ్గరే ఉంది కదా," అంది వదిన.

టైలరు నవ్వాడు. ప్యాకెట్టు మాత్రం ఉన్నచోటే పెట్టి, చేతులు దులుపుకుని పోయాడు.

వదిన మొహంలో నవ్వు మాయమైంది.

వదినా, ఆడపడుచూ కలిసి నడిపే కొట్టు అది. వెనక గదిలో మొక్కజొన్న చిప్సు వేయిస్తారు, ముందు గదిలో అమ్ముతారు. మొన్నమొన్నటి దాకా బాణలి దించే తీరిక ఉండేది కాదు. అంతలో కొత్త రూలు వచ్చింది. జన్యువులు మార్చిన పంటతో చేసిన సరుకైతే, ఆ మాట ప్యాకెట్టు ముందువైపు అందరికీ కనిపించేలా ఉండాలట. పిండిమర వాళ్లిచ్చే పిండి ఆ పంటదే. లేబులు అంటించారు. అంటించిన నాటి నుంచీ బేరాలు పడిపోయాయి.

ఇలాగే సాగితే కొట్టు మూసి ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి పోవాల్సిందే.

"అక్కడ మనిద్దర్నీ ఒక్క షిఫ్టులో వెయ్యరు వదినా," అని ఆడపడుచు అప్పుడే దిగులు పెట్టుకుంది.

"ఈ రూలు రాసిన మహానుభావుడు నా కంటబడాలి గానీ, కాగే బాణలి ముందు ఓ పూట నిలబెడతాను," అంది వదిన.

"నిలబెట్టాల్సిందే," అని వినిపించింది గుమ్మంలోంచి.

ఎవరో ముసలాయన. కొత్త మొహం. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. ఒక ప్యాకెట్టు కొని, లేబులు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తర్వాత కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, వీధంతా చూస్తుండగా ఒక్కొక్కటే తినసాగాడు.

"ఎలా ఉన్నాయండీ?" ఆడపడుచు అడిగింది.

"ఉప్పు కాస్త ఎక్కువేమోనమ్మా. రేపు మళ్లీ చూసి చెబుతాను."

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఉప్పు సంగతి మాత్రం తేల్చలేదు. వదిన ఆయనకు గొడుగాయన అని పేరు పెట్టేసింది.

"ఖాళీ మనిషిలే. ఇంట్లో కూర్చుంటే కోడలు కసురుతుందేమో," అంది.

ఇంతలో ఆడపడుచుకి ఓ ఉపాయం తట్టింది. ధర స్టిక్కరును సరిగ్గా లేబులు మీద అంటించింది. లేబులు ఉండనూ ఉంది, కనబడనూ లేదు. ఆ పూట బేరాలు కాస్త లేచాయి కూడా.

గొడుగాయన వచ్చి ప్యాకెట్టు అందుకున్నాడు. ధర స్టిక్కరును గోటితో మెల్లగా లేపాడు.

"ఏంటి బాబాయిగారూ, మా కొంప ముంచుతారా?" అంది వదిన.

"కొంప మునిగేది ఇలాగేనమ్మా. గోళ్లున్నది నాకొక్కడికే కాదు. మీరు దాచారని ఎవరికైనా తెలిసిందా, ఇక మీ కొట్లో ఉప్పును కూడా నమ్మరు."

"చూపిస్తే పారిపోతున్నారే. ఆ రాసినవాడికేం, రాసి పడేసి ఏ ఫ్యాను కిందో చల్లగా కూర్చున్నాడు."

ఆయనకి పొలమారింది. ఆడపడుచు నీళ్లిచ్చింది.

"నిజమే," అన్నాడు నీళ్లు తాగి. "జనానికి తెలియాలి అనుకున్నాడు, అంతే. తెలిశాక వాళ్లేం అడుగుతారో, కొట్లో కూర్చున్న ఆడవాళ్లు ఏం చెప్పుకోవాలో ఆలోచించలేదు. తెలివితక్కువ మనిషి."

"అలా అనండి," అంది వదిన, మనసు చల్లబడి.

"ఇంతకీ మీ ఇంట్లో ఏం తింటారమ్మా?"

"ఇంకేం తింటాం? విరిగినవీ మాడినవీ అన్నీ మావే కదా."

"ఆ మాటే రాసి గుమ్మానికి తగిలించండి."

ఆ సాయంత్రం ముగ్గురూ బల్ల మీద కూర్చుని ధర స్టిక్కర్లన్నీ పీకి పక్కకు అంటించారు. వదిన గుమ్మానికి పలక తగిలించింది. 'మా చిప్సు జన్యువులు మార్చిన మొక్కజొన్నతో చేసినవి. మేమూ ఇవే తింటాం. అనుమానముంటే లోపలికొచ్చి అడగండి.'

ముందుగా టీచరమ్మ వచ్చి అడిగింది. వదిన ఆమెను బాణలి దగ్గరికే తీసుకెళ్లి పిండీ నూనే చూపించింది. టైలరు వచ్చి, "గొడుగాయనకి ఇన్నాళ్లైనా ఏమీ మొలవలేదు కదా, ఒకటివ్వు," అన్నాడు. వద్దనుకున్నవాళ్లు కూడా ఉన్నమాట చెప్పారని మెచ్చుకుని, వేయించిన వేరుశనగలు కొనుక్కుపోయారు.

మళ్లీ బాణలి దించే తీరిక లేకుండా పోయింది.

ఓ ఉదయం గొడుగాయన సంచీతో వచ్చాడు.

"మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నానమ్మా. ఇక అక్కడే."

"ఉప్పు సంగతి తేల్చకుండానే?"

"మొదటి నుంచీ సరిపోయిందమ్మా."

వదిన దారిలో తినమని రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టబోయింది.

"వద్దు తల్లీ," అన్నాడాయన నవ్వుతూ. "నాకు గట్టి పన్ను ఒక్కటీ లేదు. ఇన్నాళ్లూ నోట్లో నానబెట్టి మింగాను."

ఆయన బస్సెక్కుతుండగా తనిఖీ ఆఫీసరు కొట్లోకి వచ్చాడు. ప్యాకెట్టు తిప్పి చూశాడు. పలక చదివి తలాడించాడు.

"అందరూ మమ్మల్ని తిట్టేవాళ్లే. మీ ఒక్కరి దగ్గరే..." అంటూ వీధిలోకి చూసి ఆగిపోయాడు. గబగబా బయటికి వెళ్లి, బస్సు వైపు చేతులెత్తి దండం పెట్టాడు. ఈలోగా బస్సు మలుపు తిరిగిపోయింది.

"ఆయన ఇక్కడికెందుకొచ్చారమ్మా?"

"రోజూ వచ్చేవారు సార్. పాపం, ఏ పనీ లేని మనిషి. మా బల్ల మీద కూర్చుని చిప్సు తినేవారు. మీకు తెలుసా?"

"తెలియకేం," అన్నాడు ఆఫీసరు, బస్సు వెళ్లిన వైపే చూస్తూ. "ఈ మధ్యే రిటైరయ్యారు, మా పెద్దసారు. ఈ లేబులు రూలు రాసింది ఆయనే."