సైలెన్సర్‌లో పల్లీ నూనె

నాగేశ్ కిక్కు కొట్టగానే సైలెన్సర్‌లోంచి పల్లీ నూనె కాగిన వాసన గుప్పుమంది.

బండి ఆపేశాడు. వంగి మళ్లీ వాసన చూశాడు. అనుమానమే లేదు. ఇంజన్ ఆయిల్ అనుకుని ఇందాక తాను పోసింది వంటనూనె! చైన్ కడిగిన కిరోసిన్ కంపులో ఆ తేడా ముక్కుకు తెలియలేదు.

మరుక్షణం అంతకన్నా భయంకరమైన ప్రశ్న తలలో మెరిసింది. వంటనూనె బండిలో ఉంటే, ఇంజన్ ఆయిల్ ఎక్కడుంది?

అరుగు మీద బావ కురుమూర్తి ఇంకో మిరపకాయ బజ్జీ నోట్లో వేసుకుంటున్నాడు.

"చెల్లే, ఏం రుచి! మహిమంత నూనెలనే ఉన్నది!" అని వంటింటివైపు కేకేశాడు.

నాగేశ్ ఆ బజ్జీవైపే చూశాడు.

కోడేరులో మెకానిక్ మొహం చూడని బండి నాగేశ్‌దొక్కటే. చైన్ కడగడం, ఆయిల్ దించడం, అందరూ అసహ్యించుకునే, మోచేతుల దాకా నల్లబడే పని ఏదైనా సరే, ఫోన్లో వీడియో పెట్టుకుని తానే చేస్తాడు. మూడేళ్ల కింద అదే ధీమాతో బావ బండి చైన్ కూడా బిగించాడు. అది జాతర దారిలో తెగింది. మిట్టమధ్యాహ్నం బావ బండి నూకుకుంటూ, అక్క జములమ్మ చెప్పులు చేతబట్టుకుని అమరచింత దాకా నడిచారు. ఆ రోజు నుంచి మాటల్లేవు, రాకపోకల్లేవు.

అక్క ఏడ్చి మొత్తుకుంటే ఈ పొద్దున బావ మెత్తబడి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మోగుతూ వచ్చింది అతని బండి.

"ఇటియ్యి బావా, ఏందో జూస్త" అన్నాడు నాగేశ్ ఆశగా.

"నా బండి ముట్టినవంటే గిట్లనే తిరిగిపోత!"

సరేనని నాగేశ్ తన బండి పాత ఆయిల్ దించి, శనగపిండి కోసం అంగడికి నడిచి వెళ్లాడు. "పోయిరా, నీ సామాను నేను జూస్తుంట" అన్నాడు బావ. అప్పటికింకా బావ తెచ్చిన గానుగ పల్లీ నూనె డబ్బా, నాగేశ్ విడిగా కొనుక్కొచ్చిన ఆయిల్ డబ్బా అరుగు మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకే రకం తెల్ల డబ్బాలు. లోపల ఒకే తేనెరంగు. తిరిగొచ్చేసరికి అరుగు మీద ఒక్కటే మిగిలింది, దాన్నే బండిలో పోశాడు.

ఇప్పుడు బావ అలిగి లేచాడంటే అక్క ఈ జన్మలో మళ్లీ పుట్టిల్లు చూడదు.

నాగేశ్ వంటింట్లో ఉన్న భార్య దగ్గరికి దూకాడు. "వసంతా, బజ్జీలు ఏ నూనెల కాల్చినవ్?"

"అన్న తెచ్చిన నూనెలనే. ఆయినే నా చేతికిచ్చిండు."

"వాసన జూసినవా?"

"జలుబుతోని ముక్కే మూసుకపాయె, ఇంక వాసనేడిది? డబ్బ నిండ తెచ్చిన అన్నడు గని సగమే ఉండె. ఎంత పిసినారయ్యా మీ బావ!"

"సగమో నిండో, ఇప్పుడదా ముచ్చట!" అంటూ సంగతి చెప్పాడు. వసంత చేతిలో గరిటె జారిపడింది. ఇద్దరూ బాండీలోకి తొంగిచూశారు. మిగిలిన నూనె నల్లగా ఉంది. బజ్జీలు కాల్చాక ఏ నూనె అయినా నల్లగానే ఉంటుంది.

"చెప్పేద్దమా?" అంది వసంత గుసగుసగా.

"చెప్తె ఇంకేమన్న ఉందా? మొన్న చైన్ తెంపిండు, ఇయ్యాల పేగులు తెంపిండు అంటడు!"

నాగేశ్ అరుగు మీదికొచ్చి బావ పక్కన ఒదిగి కూర్చున్నాడు. "బావా, కడుపుల ఎట్లుంది?"

"ఎందుకు?"

"ఊకనే."

కురుమూర్తి పొట్ట తడుముకున్నాడు. "అడిగినవ్ గాబట్టి చెప్తున్న. జర గడగడమంటుంది."

మజ్జిగ వచ్చింది. నిమ్మకాయ నీళ్లు వచ్చాయి. బావ అన్నీ తాగి తేన్చాడు. ఆ తేన్పులో పెట్రోలు బంకు వాసనేమైనా ఉందేమోనని నాగేశ్ మొహం దగ్గరగా పెట్టాడు.

"ఏందిరా, ముద్దు పెడ్తవా?"

"దవాఖానకు పోదం బావా! వనపర్తికి ఆటో మాట్లాడ్త."

"దవాఖాన నాకు పడదు." బావ చూపు వాకిట్లో తిరుగుతున్న పుంజు మీద ఆగింది. "నాటుకోడి పులుసు తాగితె సక్కగైతదేమో."

అది నాగేశ్ ప్రాణంలా సాకిన పుంజు. అయినా తానే పట్టి, కాళ్లు కట్టి బావ బండికి వేలాడదీశాడు. జములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. పాపం, అక్క సంతోషంతో ఏడుస్తోందనుకున్నాడు నాగేశ్.

"ఇగ పోయొస్తం" అని బావ బండెక్కి కిక్కు కొట్టాడు. బండి పిల్లి గురకపెట్టినట్టు మెత్తగా అందుకుంది.

నాగేశ్ ఇంక ఆగలేకపోయాడు. ఉరికి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"బావా, ఆగు! నువ్వు తిన్న బజ్జీలు నా ఇంజన్ ఆయిల్‌ల కాలినయ్! డబ్బాలు మారినయ్. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. అక్కను మాత్రం ఆపకు!"

పుంజు ఒక్కసారి కూసింది. జములమ్మ కొంగు తీసి పకపకా నవ్వేసింది. "ఇగ చెప్పరాదయ్యా, పోరడు ఏడ్చెటట్టున్నడు!"

కురుమూర్తి నాగేశ్ భుజం తట్టాడు. "మీ అక్కను ఎవరాపిన్రు? బతుకమ్మకు ఇద్దరం వస్తం. చైన్ లెక్క ఇయ్యాల్టితోని సాఫ్."

"మరి నీ కడుపు?"

బావ తన బండి ఇంజన్‌ను ప్రేమగా నిమిరాడు.

"నీ ఆయిల్ నేను దీంట్ల పోసుకున్న, బామ్మర్దీ. నీ డబ్బల నింపింది నా సగం నూనె!"