భీమన్న తాయెత్తు

"ఈ మనిషా పడవ లాగేది?" అన్నాడు డాక్టరు రాజరత్నం.

గోదావరి కాలువలే రహదారులైన రోజులవి. మండపేట రేవులో ఒక్క పడవే ఉంది. ఊడ్పుల కాలం కావడంతో తాడు లాగేవాళ్లంతా చేలల్లో ఉన్నారు. ముసురుకి బండిబాట మోకాటిలోతు బురద.

ధవళేశ్వరంలో, పుట్టింట్లో, ఆయన భార్య దీనమ్మ నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని తెల్లవారుతూనే కబురొచ్చింది.

"ఇంకెవరూ లేరండి. నేను లాగుతానండి," అన్నాడు భీమన్న.

పేరుకే భీముడు. డొక్కలు లెక్కపెట్టొచ్చు. జబ్బకి మాత్రం లావుపాటి గుడ్డ తాయెత్తొకటి.

రాజరత్నం తండ్రి మిషనులో ఉపదేశి. కొడుక్కి మాత్రం ఆత్మ అనే మాట వింటే నవ్వొచ్చేది. ఆయన లెక్కలో మనిషంటే ఎముకలు, కండలు, నెత్తురు. అంతే. రోగి గుండె వినేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ముఖం చూస్తే జాలి పుడుతుందని, జాలి పుడితే జబ్బు సరిగా తెలియదని ఆయన నమ్మకం.

'ఈ ఒళ్లు రెండు మైళ్లు లాగితే గొప్ప' అనుకుంటూనే పడవెక్కాడు. వేరే దారి లేదు మరి.

ఎదురు నీరు. సరంగు చుక్కాని పట్టాడు. భీమన్న తాడు భుజానికేసుకుని గట్టు మీద ముందుకు వంగాడు.

రెండు మైళ్లు గడిచాయి. ఐదు గడిచాయి.

కాలువ లాకు తలుపుల దగ్గర పడవ ఆగితే భీమన్న రొప్పుతూ కూలబడ్డాడు. రాజరత్నం తన అటుకుల మూట అతని ముందు పెట్టాడు.

"తిను. ఇంజనుకైనా బొగ్గు కావాలి. మనిషీ ఇంజనే."

"మరి లాగాలనుకునేదెవరండి? ఇంజను అనుకోదు కదండి."

 రాజరత్నం అతని తాయెత్తు వైపు వేలు చూపించాడు.

"ఇదేనా నిన్ను లాగిస్తోంది?"

"అవునండి. కిందటి నెల మంచం పట్టానండి. ఇది కట్టుకున్నాక లేచానండి. పెద్ద చదువు చదివినాయన స్వయంగా రాసిచ్చారండి."

"ఎవడో మోసగాడు. కాగితం ముక్కలో బలముంటుందటోయ్?"

భీమన్న ఆయన ముఖంలోకి ఓసారి చూశాడు. చిన్నగా నవ్వి తల వంచుకున్నాడు.

"అలాగనకండి. రాసిచ్చినాయన చల్లగా ఉండాలండి. ఆయన ఇల్లు చల్లగా ఉండాలండి," అని లేచి తాడందుకున్నాడు.

ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. పొద్దు వాలకముందే ధవళేశ్వరం చేరారు.

రాజరత్నం పరుగున ఇంట్లోకి వెళ్లాడు. ఇంకో గంట ఆలస్యమైతే తల్లీ దక్కేది కాదు, బిడ్డా దక్కేది కాదు. ఆడపిల్ల పుట్టింది.

చేతులు కడుక్కుంటుంటే భీమన్న గుర్తొచ్చాడు. విస్తట్లో వేడన్నం పెట్టించి, తనే రేవుకి పట్టుకెళ్లాడు.

భీమన్న గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. తాడు ఇంకా భుజం మీదే ఉంది.

రాజరత్నం అతని రొమ్ముకి చెవి ఆనించాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. గుండె ఆగిపోయింది.

"తల్లీబిడ్డా క్షేమమేనా అని అడుగుతూనే ఉన్నాడండి," అన్నాడు సరంగు. "ఇంటి దగ్గర్నుంచి కబురొచ్చి, క్షేమమేనని చెప్పాక కళ్లు మూశాడండి."

రాజరత్నానికి ఏడుపొచ్చింది. తాయెత్తు అతని ఇంటికి చేరుద్దామని విప్పబోతే, చెమటకి నానిన గుడ్డ చిరిగి కాగితం బయటపడింది.

దాని మీద ఇంగ్లీషులో, కిందటి నెల తేదీతో, తన చేతిరాతే ఉంది: "గుండె పూర్తిగా చెడింది. పడవ తాడు లాగే ఈ మనిషి ఇక నూరడుగులు కూడా నడవలేడు."