సీలు విప్పని డబ్బా

"ఛీ! ముందు ఆ చెయ్యి తియ్యి!"

క్రీములక్క అరుపుకి కౌంటర్ ముందున్న ఇద్దరు ఆడవాళ్ళూ ఉలిక్కిపడ్డారు.

ఆ చెయ్యి ఒక ముసలాయనది. డబ్బా కోసం చాచేసరికి చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది. ముంజేతి నిండా తపాలాబిళ్ళంతేసి ఎర్రటి మచ్చలు, వరసగా. ఒకటి రెండు రసి కారుతున్నాయి.



ఆడవాళ్ళలో ఒకామె చేతిలోని డబ్బాని అక్కడే పెట్టేసి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. రెండో ఆమె కూడా వెనకే నడిచింది.

ముసలాయన కొత్తవాడేం కాదు. రెండేళ్ళుగా వస్తున్నాడు.

క్రీములక్క ఇంటి ముందుగదిలోనే ముఖానికి రాసుకునే క్రీము చేసి అమ్ముతుంది. సోమవారం ఒక వాయి కలిపి డబ్బాల్లో నింపుతుంది, బుధవారం దుకాణాలకి పంపుతుంది.

సోమవారం సాయంత్రం ఈయన వచ్చి ఆ వాయిలోంచి ఒక్క డబ్బా కొంటాడు. బుధవారం చాలాసార్లు కనిపించడు. అప్పుడప్పుడు మాత్రం తలుపు తీయకముందే గుమ్మంలో నిలబడి, ఉన్న ముప్పై డబ్బాలూ మూటగట్టుకుని పోతాడు.

"తింటాడేమో అక్కా!" అని నవ్వేది, లేబుళ్ళు అంటించే తోడికోడలు.

"తిననీ. మనకేం పోయింది?"

గజ్జి మామ అని పేరు పెట్టింది కూడా ఆ తోడికోడలే.

"ఏది ఎంత వేశారో రాసి పెట్టుకుంటారా అమ్మా?" అని ఒకసారి అడిగాడాయన.

"రాయడమేమిటండీ? అంతా చేతి అంచనా. కూరలో ఉప్పు రాసుకుని వేస్తామా?"

"వాయికో డబ్బా దాచి ఉంచుతారా?"

"దాచుకోడానికి అదేమన్నా నగా? అదిగో, అటు చూడండి." గోడ మీద అద్దం కట్టించి పెట్టిన సర్టిఫికెట్ చూపించింది క్రీములక్క. "మా మరిది తనిఖీ ఆఫీసులో కూర్చుని గంటలో సంతకం పెట్టించుకొచ్చాడు. శాంపిల్ డబ్బా సీలు కూడా విప్పలేదట! మా క్రీమంటే అంత నమ్మకం!"

ముసలాయన తల దించుకున్నాడు.

"తెలుసమ్మా," అన్నాడు.

ఎలా తెలుసని ఆమె అడగలేదు. అడిగే ఓపిక గొప్పలు చెప్పుకునేవాళ్ళకి ఎక్కడిది?

ఈ సోమవారం మాత్రం చేతికొచ్చిన బేరం ఆ చెయ్యి చూసి పోయింది. ఇన్నాళ్ళూ 'మీరు' అన్న నోరు 'నువ్వు'లోకి దిగింది.

"ముఖానికి రాసుకునే వస్తువులు అమ్మే చోటు ఇది. నీ గజ్జి చూసి ఎవరు కొంటారు? ఇంకోసారి ఈ గడప తొక్కావంటే బాగుండదు!"

"ఒక్క డబ్బా ఇచ్చెయ్యమ్మా, వెళ్ళిపోతాను."

"ఇవ్వను!"

ముసలాయన సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"అయితే ఇది చూడండి. ఈ వాయిలోది కాస్త మీ చేతికే రాసుకుని రెండు రోజులు ఆగండి. ఆ తర్వాతే పంపండి."

ఆయన మెట్లు దిగకముందే ఆ పుస్తకాన్ని రెండు కాగితాలతో పట్టుకుని, పెరట్లో పాడైన క్రీము పారేసే అట్టపెట్టెలో పడేసింది. ఆ తర్వాత కౌంటర్‌ని మూడుసార్లు కడిగింది.

సుగంధ తైలం చేతి అంచనాతో ఒంపిన గిన్నెని మాత్రం ఒక్కసారే కడిగింది.

బుధవారం డబ్బాలు వెళ్ళాయి. శనివారం తనిఖీ అధికారిణి వచ్చింది.

వస్తూనే ఫోనులో ఒక ఫొటో చూపించింది. పదిహేడేళ్ళ పిల్ల. రెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. బుగ్గల మీద తోలు ఊడి వస్తోంది.

"బుధవారం మీరు పంపిన డబ్బాలోది రాసుకున్న ముఖం ఇది. ఇలాంటి ముఖాలు ఇంకో ఐదున్నాయి. ఏ రోజు ఏం కలిపారో రాసిన పుస్తకం చూపించండి."

"లేదు మేడమ్."

"ఆ వాయిలోంచి దాచిన డబ్బా?"

"లేదు."

"చర్మం మీద పరీక్ష చేసిన కాగితం? ఒక్కటైనా ఉందా?"

క్రీములక్క తల అడ్డంగా ఊపింది. దుకాణం మూతపడబోతోందని ఆమెకి అర్థమైంది.

"రెండేళ్ళలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు మేడమ్!"

"అదే నాకూ అర్థం కావట్లేదు. మీ పనితీరు చూస్తే నెలకొకటైనా రావాలి."

తోడికోడలు మెల్లిగా అంది. "అక్కా... ఆ గజ్జి మామ పుస్తకం..."

అట్టపెట్టె ఇంకా పెరట్లోనే ఉంది. మూత తీయగానే మక్కిపోయిన నూనె కంపు గుప్పుమంది. క్రీములక్క ఆ జిడ్డులో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి పుస్తకం తీసింది.

అధికారిణి పేజీలు తుడిచి చదివింది.

"మార్చి ఏడు వాయి. ఎరుపు లేదు. అమ్మవచ్చు."

పేజీ తిప్పింది.

"మార్చి పద్నాలుగు వాయి. ఆరు గంటలకి మంట. రెండో రోజుకి బొబ్బ. ముప్పై డబ్బాలూ కొని పాతిపెట్టాను."

తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మచ్చలన్నీ తమ క్రీము పెట్టినవే.

"ఎవరీయన? ఎక్కడుంటారు?"

"తెలియదు."

రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. తన మీద తనకే రోత పుట్టింది క్రీములక్కకి.

అధికారిణి మొదటి పేజీ తెరిచి ఆమె ముందు పెట్టింది. అదీ ముసలాయన రాతే.

"ఆ రోజు డబ్బా విప్పి చూడవలసింది నేను. చూడకుండానే సంతకం పెట్టాను. తప్పు నాది కాబట్టి చెయ్యి కూడా నాదే."

కింద వంకర గీతతో ఒక సంతకం.

క్రీములక్క తలెత్తి గోడ వైపు చూసింది; రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే తను మెత్తటి గుడ్డతో తుడుస్తున్న అద్దం వెనక, సర్టిఫికెట్ అడుగున ఉన్నది కూడా ఆ సంతకమే.