అన్నయ్య సైకిలు

"మీ అన్నయ్యకు చెప్పే తెచ్చావా?" అని అడిగాడు మెకానిక్కు.

"లేదు" అన్నాడు తమ్ముడు, నేలచూపులు చూస్తూ.

మెకానిక్కు చేతిలో స్పానరు బల్లమీద పెట్టేశాడు. ఆ సైకిలుకు గాలి కొట్టినా, చైను మార్చినా ఇన్నాళ్లూ అతనే. సన్నటి ఉక్కు పైపుల ఫ్రేము, ముదురు ఆకుపచ్చ రంగు, అతుకుల దగ్గర బంగారు గీత. అన్నయ్య కాలేజీ రోజుల్లో పందేలు గెలిచిన బండి అది. ఇప్పుడలాంటివి చేసేవాళ్లు లేరు. ఆ కాలం సైకిళ్లకు నీళ్ల బాటిలు పెట్టుకునే ఏర్పాటు ఉండేది కాదు.

తమ్ముడికి కావలసింది అదే. కింది పైపుకు రెండు చిల్లులు వేసి, మరలు పట్టే గుబ్బలు అతికించి, బాటిలు స్టాండు బిగించాలి.

చిల్లులెందుకు, పట్టీతో బిగించే స్టాండు దొరుకుతుందిగా అన్నాడు మెకానిక్కు. ఆ ముచ్చటా అయిపోయిందన్నాడు తమ్ముడు. పోయిన నెల తెచ్చి పెడితే, రంగు గీసుకుపోతోందని అన్నయ్య సాయంత్రానికల్లా ఊడదీసి అటకెక్కించాడు. ఈసారి ఊడదీయడానికి వీల్లేకుండా ఉండాలి.

"మీ అన్నయ్య నా తోలు తీస్తాడు" అని గొణిగాడు మెకానిక్కు. తర్వాత తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, దొంగసొత్తు తెచ్చినవాడిలా ఆ మాస్కేమిటని నవ్వాడు. దుమ్ము పడదని చెప్పాడు తమ్ముడు.

నిజానికి అతనికి దొంగతనంలాగే ఉంది. అన్నా వదినా ఊరెళ్లగానే మారు తాళంచెవితో కింది వాటా తలుపు తీసి, ఎక్కి తొక్కకుండా సైకిల్ని నడిపించుకుంటూ వచ్చాడు. పుట్టినప్పటి నుంచీ అన్నయ్య దగ్గర తీసుకోవడమే గానీ ఇచ్చింది లేదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు. అన్నయ్య కింద, తను పైన. ఒకప్పుడు తిన్నగా వదిన వంటింట్లోకి దూరి గిన్నెల మీద మూతలు తీసి చూసేవాడు. ఏడాదిగా మెట్లు దిగాలంటే కాళ్లు రావడం లేదు. పాత పేపరు కూడా అడిగి తెచ్చుకోవడం లేదు.

పోయిన వారం వదినే పైకి వచ్చింది. ఎత్తు రోడ్డు మీద మీ అన్నయ్యకు కళ్లు తిరిగాయని, పాల వ్యాను డ్రైవరు ఇంటి దగ్గర దింపి వెళ్లాడని చెప్పింది. గంటల తరబడి తొక్కుతారు, గుక్కెడు నీళ్లు తాగరు. భుజాన సీసా వేలాడేసుకుని తొక్కడం నామోషీ అట.

"నువ్వైనా చెప్పు. నీ మాటంటే వింటారు."

అంతే అంది. నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదు. అని ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

మెకానిక్కు చివరికి ఒప్పుకున్నాడు. డ్రిల్లు దిగుతుంటే పైపు కీచుమంది. తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. తర్వాత గ్యాస్ మంట. ఇత్తడి కరిగి గుబ్బ చుట్టూ పాకింది. దాంతోపాటు జానెడు మేర పచ్చరంగు మాడి మసయింది. మెకానిక్కు ఎంత ఓపిగ్గా కలిపి వేసినా, కొత్త రంగు పాత రంగులో కలవనంది. మచ్చ మచ్చలాగే ఉండిపోయింది.

స్టాండులో నిండు బాటిలు పెట్టి, సైకిల్ని దాని చోట నిలబెట్టాడు తమ్ముడు. పైకి పోకుండా అక్కడే కూర్చున్నాడు. పారిపోతే ఇంకా తప్పనిపించింది.

అన్నయ్య వస్తూనే చూశాడు. చెప్పులైనా విప్పకుండా, నడుముకు చెయ్యి ఆన్చుకుని మెల్లగా సైకిలు ముందు గొంతుక్కూర్చున్నాడు. మచ్చ మీద వేలు రాశాడు. వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరి పని?"

"నాదే అన్నయ్యా."

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

కట్టుకున్న సాకులేవీ తమ్ముడు చెప్పలేదు. "ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా నువ్వు ఒప్పుకోవుగా" అన్నాడు.

అన్నయ్య బాటిలు తీసి, మళ్లీ స్టాండులో పెట్టాడు. ఆ మచ్చవైపే చూస్తూ ఉన్నాడు. కోపం ఎప్పుడు దిగిపోయిందో తెలియలేదు. లేచి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"అడక్కముందే నా కిడ్నీ తీసి నీకిచ్చినవాణ్ణిరా, అడిగితే సైకిలుకు రెండు చిల్లులు పెట్టుకోనివ్వనా?"