మణికట్టు

"పాప లోపలి చెవి బాగానే ఉందమ్మా. అక్కణ్ణించి మెదడుకి వెళ్ళే నరమే లేదు. మిషన్ పెట్టినా శబ్దం లోపలికి చేరదు. ఆపరేషన్ వద్దు. సైగలు నేర్పించండి," అన్నాడు తెనాలిలో డాక్టరు, స్కాన్ చూసి.

ఖతీజా నాలుగేళ్ళ కూతురు మిస్బాని తీసుకుని రేపల్లె రైలెక్కింది.

"పాపకి ఇంకా మాటలు రాలేదా అమ్మా?" ఎదురు సీట్లో ముసలావిడ అడిగింది.

"ఆపరేషనైతే వచ్చేస్తాయండి."

రెండేళ్ళుగా అందరికీ చెప్పే జవాబు. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

సైగలు అలవాటైతే ఇక మాటలు రావని ఎవరో చెప్పారు. అప్పటినుంచీ పాప చెయ్యి లేపితే చాలు, ఖతీజా మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని దించేసేది.

వేమూరులో అరటిపళ్ళ గంప ఎక్కింది. మిస్బా చెయ్యి లేచింది. వేళ్ళు గాల్లో తొక్క వలవబోయాయి.

ఖతీజా ఈసారి ఆపలేదు. అడగనీ, తనివితీరా అడగనీ అనుకుంది.

మిస్బా తల్లి మొహంలోకి చూసింది. చూసి, లేచిన చేతిని రెండో చేత్తో తనే, మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని, ఒళ్ళోకి దించేసుకుంది.